జక్కయ్య మొక్కు, సారమ్మ కుందేలు

గురజాల చుట్టుపక్కల ఇళ్లలో పరిచిన నాపరాళ్లు సగానికి సగం తన చేతిమీదుగా పోయినవేనని రాళ్ల జక్కయ్య చెప్పుకొనేవాడు. సగం కాకపోయినా కొంత నిజమే. గనిలో బండను పొరలు పొరలుగా లేపటంలో, అంచులు వంకర పోకుండా చెక్కటంలో అతనికి సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. మనిషి పొట్టి. చేతులు మాత్రం ఎవరో ఆజానుబాహువుకి పెట్టాల్సినవి పొరపాటున ఇతనికి తగిలించినట్టుండేవి. నాగార్జునసాగర్ డాం పని మొదలై ఊళ్లో ఒంట్లో సత్తువున్నవాళ్లంతా అటు ఎగబడ్డా జక్కయ్య కదల్లేదు. "ఆడికి పోతే వెయ్యిమందిలో ఒకణ్ణి. ఈడ నేను జక్కయ్యని" అనేవాడు.

మనిషి సంగతంతా ఆ మాటలోనే ఉంది. అతనికి తిండి తగ్గినా ఫరవాలేదు గాని పేరు తగ్గకూడదు. గుడిలో, అంటే అతనుండే పేటవాళ్లు చర్చినే గుడి అంటారు, అతను ముందు చాప మీదే కూర్చోవాలి. అందరూ కలిసి పాడే పాటలో అతని గొంతు ఒక మెట్టు పైన వినపడాలి. మొక్కుకొని తీర్చలేకపోయినవాళ్లను పట్టుకొని అతను వెక్కిరించినట్టు పేటలో మరొకరు వెక్కిరించేవాళ్లు కారు. "మనుషుల దగ్గర బొంకినా సరేలే గాని, ఆయన దగ్గర కూడానా?" అని పదిమందిలో అడిగేసేవాడు. అవతలివాడు తలొంచుకొని పోతుంటే ఇతను మీసం సర్దుకొనేవాడు.

ఆ మొక్కుల లెక్కలన్నీ తేలేది పంటపండగ నాడు. కోతలయ్యాక ఒక ఆదివారం పేటంతా గుడికి కానుకలు మోసుకొస్తుంది. జొన్నలు, కందులు, మిరపకాయలు, గుమ్మడికాయలు, వాటి పక్కన కాళ్లకు తాళ్లు కట్టిన కోళ్లు, మేకలు. ఆరాధన అయ్యాక అన్నిటినీ గుడి ముందే వేలం వేస్తారు. పాడుకొన్నవాళ్లు పట్టుకుపోతారు, సాయంత్రానికి కోడీ మేకా కూరై పొయ్యి మీదుంటాయి. జనం తెలివిమీరి ముసలి కోడినీ కుంటి మేకనూ దేవుడికి అంటగడుతున్నారని పాస్టరు దేవానందంగారు ఒక కట్టడి పెట్టాడు. అవిటిది, అంగలోపం ఉన్నది కానుకలు పెట్టే బల్ల దగ్గరికి రాకూడదు. సంఘపెద్దలు ప్రతి జీవాన్నీ కాళ్లెత్తి, నోరు తెరిచి చూశాకే లోపలికి రానిచ్చేవాళ్లు.

పందొమ్మిదివందల యాభై ఏడులో పంటపండగ వచ్చేసరికి జక్కయ్య భార్య సారమ్మ మిషనాసుపత్రిలో చావుబతుకుల మధ్య ఉంది. పెళ్లయిన చాన్నాళ్లకు కడుపు పండింది. నెలలు నిండాక బిడ్డ లోపలే పోయింది, నెత్తురు ఆగటంలేదు. మంచం పక్కన కూర్చోవటానికి ధైర్యం చాలక జక్కయ్య ఊరికొచ్చి నేరుగా గుడిలోకి పోయాడు. దేవుడు తమకు చేసిన మేళ్లను ఒక్కొక్కరే చెప్పుకొనే సాక్ష్యాల వేళ లేచి నిలబడి, "సారమ్మ ప్రాణం నిలబెట్టు తండ్రీ. వచ్చే పంటపండక్కి ఒక ప్రాణిని తెచ్చి నీ బల్ల ముందు నిలబెడతా. కోడి కాదు, మేకపోతుని" అన్నాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకొన్నారు.

సారమ్మ బతికింది. ఒట్టి చేతులతో ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకొంది. జక్కయ్యకు రాళ్లతో తప్ప మనుషులతో ఎట్లా మాట్లాడాలో తెలియదు. గంజి కాచి పక్కన పెట్టి గనికి పోయేవాడు, వచ్చేసరికి ఆ గంజి అట్లాగే ఉండేది. పోయిన బిడ్డ మాట అతను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. ఆ ఇంట్లో మాటలే లేకుండా పోయాయి.

అప్పుడొచ్చింది కుందేలు. ఆసుపత్రిలో సారమ్మను కనిపెట్టుకొని ఉన్న నర్సు హన్నమ్మకు బదిలీ అయింది. పోతూపోతూ పేటకొచ్చి, తను పెంచుకొంటున్న తెల్ల కుందేలిని సారమ్మ ఒళ్లో పెట్టి, "దీన్ని రైల్లో తీసుకుపోలేను, నువ్వే చూడాలమ్మా" అంది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, గుప్పెట్లో దూది పట్టినంత మెత్తదనం. సారమ్మ ఆ సాయంత్రం లేచి కూర్చుని గరిక తుంచి దానికి పెట్టింది. మర్నాడు తనూ అన్నం తింది. దానికి పాపాయి అని పేరు పెట్టుకొంది.

పల్నాట్లో కుందేలంటే చెవులపిల్లి. చేలల్లో వలలు కట్టి, కుక్కల్ని ఉసిగొలిపి పట్టి కూర వండుకొనేదే గాని ఒళ్లో కూచోబెట్టుకొనేది కాదు. అందుకని వచ్చినవాళ్లంతా దాన్ని చూసి ముందు ముద్దుగా ఉందని, తర్వాత మాంసం ఎంత పడుతుందోనని అంచనా వేసేవాళ్లు. గనిలో జక్కయ్యతో కలిసి పనిచేసే గురునాథం ఒకనాడు అరుగు మీద కూర్చొని, "మాంవా, దీన్ని ఎప్పుడు కోస్తావో ముందుగాల చెప్పు, జొన్నరొట్టెలు చేయించుకొస్తా" అన్నాడు. సారమ్మ పాపాయిని కొంగులో కప్పుకొని లోపలికి పోయింది.

మొక్కు సంగతికొస్తే, జక్కయ్య మేకపోతుని కొన్నాడు. మేపాడు. వానాకాలంలో రోగమొచ్చి అది చచ్చింది. మళ్లీ కొనే తాహతు లేదు. "ఏదోటి ఇద్దాంలే, మన సంగతి ఆయనకు తెలవదా?" అంది సారమ్మ. ఆయనకు తెలుసు, ఆ విషయంలో జక్కయ్యకు దిగులు లేదు. పేటకు తెలియకూడదనేదే దిగులంతా. మేకపోతు అని అరిచి చెప్పినవాడు కోడిని పట్టుకుపోతే, ఇన్నేళ్లుగా తను ఎవరెవర్ని వెక్కిరించాడో వాళ్లందరూ ఆ కోడి చుట్టూ చేరతారు.

అట్లాంటి ఆలోచనలో ఉండగా ఒక పొద్దున అతని కళ్లు పాపాయి మీద పడ్డాయి. తాను ప్రాణిని ఇస్తానన్నాడు. ఇది ప్రాణి. పైగా పల్నాట్లో ఏ గుడి వేలంలోనూ ఎవరూ చూడని తెల్ల కుందేలు. పేటంతా నోరు తెరుచుకొని చూస్తుంది, మేకపోతు మాటే ఎవరికీ గుర్తుండదు. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి సిగ్గేసింది. సిగ్గేసినా దాన్ని వదల్లేదు.

సారమ్మ బట్టలుతకటానికి వాగుకు పోయిన వేళ చూసి, పాపాయిని గోనెసంచిలో వేశాడు. బరువెంత ఉంటుందో, మేక స్థానంలో నిలబెడితే నవ్వుతారా నవ్వరా, ఒకసారి ఎత్తి చూద్దామని. సంచి గాలిలోకి లేవగానే లోపల అది గిలగిల కొట్టుకొంది. కంగారులో జక్కయ్య సంచిని విదిలించి బయటికి లాగాడు. కుందేలు కీచుమంది. అంతవరకూ దానికి గొంతుందని అతనికి తెలియదు. వెనక కాలి గోరొకటి గోనె దారాల్లో చిక్కుకొని, మొదలంటా ఊడి సంచికే ఉండిపోయింది. తెల్లటి పాదం ఎర్రబడింది.

అప్పుడు జక్కయ్యకు ముందుగా తట్టిన మాటేమిటో చెప్పుకోవాలి. అయ్యో అని కాదు, సారమ్మకు ఏం చెప్పాలని కూడా కాదు. కాళ్లెత్తి చూస్తారే, దీన్నిక లోపలికి రానివ్వరు, అనుకొన్నాడు. ఆ తర్వాతే అయ్యో అనుకొన్నాడు.

సారమ్మ వచ్చేసరికి అతను పాత పంచె చింపి గాయాన్ని నొక్కిపట్టుకొని కూర్చున్నాడు. ఏమైందంటే, "బండసందులో గోరు ఇరుక్కుందే" అన్నాడు. పొయ్యి పక్కన రెండు నాపరాళ్ల మధ్య వేలు దూరేంత సందు ఉండేది. ఆమె ఆ సందు వైపు చూసి, "పూడుద్దామనుకొంటానే అశ్రద్ధ చేశా. నాదే తప్పు" అని ఏడ్చింది. ఆ రోజే సున్నం, ఇసుక కలిపి, ఇంకా పూర్తిగా తేరుకోని ఒంటితో నేలమీద కూర్చొని, ఆ సందును బొటనవేలితో నొక్కి నొక్కి పూడ్చింది. రాళ్లు పరచటంలో పేరున్న మొగుడు గుమ్మంలో నిలబడి అది చూశాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గనిలో పనిచేసేవాళ్లలో గోరు ఊడనివాడు ఉండడు. సుత్తి తగిలో, బండ జారో ఏడాదికొకటైనా పోతుంది. అడుగున ఉన్న మెత్తటి కండ చితక్కుండా, చీము పట్టకుండా కాచుకొంటే మళ్లీ మొలుస్తుందని వాళ్లందరికీ తెలుసు. జక్కయ్య పాపాయి పాదాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు. కండ బాగానే ఉంది. పండక్కి ఇంకా నెలలున్నాయి. గోరు వస్తే కుందేలు పనికొస్తుంది. ఆ లెక్కతోనే వైద్యానికి దిగాడు.

మొదట గనిలో తమకు చేసుకొన్నట్టే గాయపాకు నలిపి రసం పిండి, పసుపద్ది, గుడ్డ చుట్టాడు. కుందేలుకు గనివైద్యం నచ్చలేదు. గుడ్డ కొరికి పారేసి, పసుపంతా నాకి, మూతి పచ్చగా చేసుకొని కూర్చుంది. సారమ్మ ఆ మూతి చూసి నవ్వింది. బిడ్డ పోయాక ఆమె నవ్వటం అదే మొదలు. జక్కయ్య ఆమె మొహం చూడలేక చెంబు తీసుకొని వాకిట్లోకి పోయాడు.

ఇక పసుపు మాని ఉప్పునీళ్లు పట్టాడు. పొద్దున గనికి పోయేముందు, సాయంత్రం వచ్చాక, గోరువెచ్చటి ఉప్పునీళ్లలో ఆ పాదాన్ని ముంచి కడిగేవాడు. మెత్తటి గుడ్డతో అద్దేవాడు. నేలమీద గోనె పరవటం మాన్పించి, పాత చీరను నాలుగు మడతలు వేసి పరిపించాడు. తడి తగలకూడదని రోజూ మార్పించేవాడు. బండలు పగలగొట్టే ఆ మొద్దువేళ్లతో బొచ్చు పాయలు తీసి, గోరూడిన చోట వాపు ఉందా, వాసన వస్తుందా అని చూసేవాడు. మొదట్లో పాపాయి తన్నేది, గీరేది. పోనుపోను అతను చెంబు తీసుకురాగానే వచ్చి ఒళ్లో ఎక్కి ఆ కాలు తనే చాపటం మొదలుపెట్టింది.

సారమ్మ అదంతా చూసేది. చూసి ఏమనుకోవాలి? బిడ్డ పోయినప్పుడు కన్నీటి చుక్క రాల్చని మొగుడు, నోరులేని జీవం గోరు పోతే ఇంత ఇదైపోతున్నాడంటే, ఆ దుఃఖమంతా లోపల దాచుకొని ఇప్పుడిట్లా తీర్చుకొంటున్నాడని అనుకొంది. ఒక సాయంత్రం అతను పాదం కడుగుతుంటే పక్కన కూర్చొని, "నువ్వు రాయనుకొన్నానయ్యా. తప్పుగా అనుకొన్నా" అంది. జక్కయ్య కడిగిన పాదాన్నే మళ్లీ నీళ్లలో ముంచాడు. ఆమె అక్కడితో ఆగిందా? బావి దగ్గర అందరికీ చెప్పింది. పక్కింటి చెన్నమ్మ తన మొగుణ్ణి నిలబెట్టి, "జక్కయ్యన్నను చూసి నేర్చుకో. చెవులపిల్లికి కాళ్లు కడుగుతున్నాడు, నువ్వు నాకు జొరమొస్తే చెంబెడు నీళ్లియ్యలా" అని దులిపేసింది. గనిలో గురునాథం "ఏం మంత్రసాని మాంవా, మీ పిల్లకెట్టుంది?" అని ఆటపట్టించాడు. మామూలుగా అయితే జక్కయ్య సుత్తెత్తేవాడే. ఇప్పుడు తిట్టటానికీ మొహం చెల్లలేదు. ఎగతాళి కన్నా పొగడ్తే అతనికి ఎక్కువ గుచ్చుకొంటుందని వాళ్లకేం తెలుసు?

ఆపేయవచ్చుగదా, కుందేలు మాట వదిలేసి కోడినో గుమ్మడికాయనో పట్టుకుపోవచ్చుగదా, అనిపిస్తుంది మనకు. అతనికీ అనిపించేది, సాయంత్రాలప్పుడు. పొద్దున్నే గుడి ముందునుంచి గనికి నడిచేటప్పుడు మళ్లీ పేరు గుర్తొచ్చేది. పోతూ ఒక మనసు, వస్తూ ఒక మనసు. పాదం కడిగేటప్పుడు గోరు వచ్చిందేమోనని చూసేవాడు. రాలేదని తెలిసి ఊపిరి పీల్చుకొనేవాడు. తను ఎందుకట్లా ఊపిరి పీల్చుకొంటున్నాడో ఆలోచించటానికి ఇష్టపడేవాడు కాదు.

పండగ ఇంకొన్ని రోజులుందనగా గోరు వచ్చింది. బొచ్చులోపల తెల్లగా, నూకగింజ మొనంత. వేలితో తడిమి చూశాడు, గట్టిగానే ఉంది. సారమ్మకు చెప్పలేదు. నిజానికి అంత బొచ్చులో ఒక గోరు ఉన్నా లేకపోయినా ఏ సంఘపెద్దకూ కనపడదని కూడా ఆ క్షణంలోనే అతనికి తెలిసిపోయింది. ఇక అడ్డమేమీ లేదు.

పండగ పొద్దున సారమ్మ ముందుగా గుడికి పోయింది, ఆడవాళ్లతో కలిసి ముగ్గులు వేయాలని. జక్కయ్య ఒంటరిగా ఇంట్లో నిలబడ్డాడు. బుట్టొకటి తీసి దాన్లో చీరముక్క పరిచాడు. గోనె ముట్టుకోలేదు. పాపాయి ఎదురొచ్చి అతని కాలిమీద ముందుకాళ్లు పెట్టి నిలబడింది, చెంబు ఏదీ అన్నట్టు. జక్కయ్య బుట్టను దూలానికి తగిలించి, చెంబులో నీళ్లు కాచి, దాని కాలు కడిగి, తలుపు గొళ్లెం పెట్టి ఒట్టి చేతులతో గుడికి పోయాడు. తను చేసింది మంచిపనే అనిపించింది. దారి పొడుగునా మాత్రం దొంగతనం చేసినవాడిలాగే నడిచాడు.

గుడి కిటకిటలాడుతోంది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. కానుకలు బల్ల దగ్గర పేర్చారు. మొక్కులవాళ్లను పాస్టరు దేవానందంగారు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తున్నాడు. "కిందటేడు భార్య ప్రాణం కోసం మొక్కుకొన్న మన జక్కయ్య" అన్నాడు నవ్వుతూ. గుడంతా తిరిగి చూసింది. కొందరి కళ్లు అతని ఒట్టి చేతుల మీద ఆగాయి. ముందు చాపల మీద ఎవరో దగ్గారు.

లేచి, "అయ్యగారూ, మేకపోతు చచ్చిపోయింది, ఏమీ తేలేకపోయా" అంటే సరిపోయేది. ఇంటినుంచి ఆ మాటే అనుకొంటూ వచ్చాడు. కాని ఆ దగ్గు వినపడగానే పాత జక్కయ్య నిద్రలేచాడు. తలెత్తి, గొంతు సవరించుకొని, "అయ్యగారూ, మేకపోతు పోయినా నేను మొక్కు మరవలా. దానికి బదులు మా ఇంట్లో ఉన్న తెల్ల కుందేల్ని తెద్దామని ఎప్పుడో అనుకొన్నా. తీరా కాలిగోరు ఊడింది. పండగ నాటికన్నా మొలిపిద్దామని నెలల తరబడి రోజూ కడిగా, కాపాడా. మొలవలా. అవిటిదాన్ని ఆయన బల్ల దగ్గరికి ఎట్టా తెచ్చేది?" అన్నాడు.

అంతా ఒక్క ఊపిరిలో వచ్చింది. గుడిలో ఆహా అన్నట్టు చిన్న రొద. దగ్గినవాడు తలొంచుకొన్నాడు. దేవానందంగారు చేయెత్తి, "చూశారా. తెచ్చినవాడి భక్తి అందరికీ కనపడుద్ది. తేకుండా ఆగినవాడి భయభక్తులు ఎవరికి కనపడతాయి?" అని అతన్నే ప్రసంగం చేసేశాడు. జక్కయ్య పరువు దక్కింది, దక్కటమేమిటి, రెండింతలైంది.

అప్పుడు ఆడవాళ్ల వైపు చూశాడు. చెన్నమ్మ నోరు తెరుచుకొని సారమ్మకేసి చూస్తోంది. సారమ్మ ఎవరికేసీ చూడటంలేదు. తన రెండు అరచేతులూ ఒళ్లో తిప్పిపెట్టుకొని వాటికేసే చూసుకొంటోంది. రోజూ చెంబెందుకు, ఉప్పునీళ్లెందుకు, వెలుగులో ఆ పాదం తిప్పి తిప్పి చూడటమెందుకు, అన్నీ ఒకటొకటిగా ఆమెకు అర్థమవుతున్నాయని జక్కయ్యకు అంత దూరాన్నుంచీ తెలిసింది.  కూర్చోవటం కూడా మరిచి అట్లాగే నిలబడ్డాడు. పక్కవాడు పంచె పట్టి లాగితే కూలబడ్డాడు.

వేలం కాకముందే సారమ్మ ఇంటికి పోయింది. వెనకే జక్కయ్య వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని ఉంది, పాపాయి ఒళ్లో ఉంది. అతను లోపలికి పోలేక వాకిట్లోనే నిలబడ్డాడు.

"గోరు మొలిచుంటే ఇచ్చేవాడివా?" అంది.

జక్కయ్య పాపాయి కాలికేసి చూశాడు.

ఆమె సమాధానం కోసం ఆగకుండా పాపాయి కాలు పట్టుకొని, అతను రోజూ చేసినట్టే బొచ్చు పాయ తీసింది. చూసింది. మళ్లీ వేలితో తడిమి చూసింది.

"మొలిచిందే."

"ఆఁ."

"నీకు తెలుసా?"

"నాలుగు రోజుల కిందటే చూశా" అన్నాడు. ఇక దాచటానికి ఓపిక లేకపోయింది. "అది ఊడింది బండసందులో కాదే. గోనెసంచిలో. ఇస్తే ఎట్టుంటదో చూద్దామని నేనే ఎత్తా."

పొయ్యి పక్కన తను పూడ్చిన సందు వైపు సారమ్మ తల తిప్పలేదు. పాపాయి చెవులు నిమురుతూ కూర్చొంది. గుడి దగ్గర వేలంపాట కేకలు వినపడుతున్నాయి.

"గోరొచ్చిందని తెలిసీ తీసుకుపోలా" అంది, తనలో తను లెక్క తేల్చుకొంటున్నట్టు. "చేతులు రాక మానుకొన్నావు. ఆ మాట గుళ్లో చెప్పటానికి సిగ్గేసింది."

"సిగ్గేసింది" అన్నాడు జక్కయ్య.

"దీన్ని కూరకిద్దామనుకొన్నానని చెప్పటానికి సిగ్గెయ్యలా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని అతననుకొన్నాడు. ఇన్నేళ్లుగా ఎందరెందర్నో పదిమందిలో నిలబెట్టి తలొంపించినవాడికి, తన వాకిట్లో తనకు తానే తలెత్తుకోలేని సిగ్గంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. సారమ్మ లేచింది. పొద్దు నడినెత్తికొచ్చింది, పొయ్యి ముట్టించాలి. పాపాయిని ఎక్కడ దించాలో తెలియనట్టు ఒక్క నిమిషం అటూ ఇటూ చూసి, అప్పటికే వాకిట్లో చతికిలబడిపోయిన అతని ఒళ్లోనే పెట్టి లోపలికి పోయింది.

పాపాయికి ఇవేమీ తెలియవు. అతని ఒళ్లో సర్దుకొని కూర్చొని, ఆ కాలు చాపింది.